ఎర్ర చుక్కకు పొట్టు

మా ఆయన చనిపోయాక పలాసలో జీడిపప్పు షెడ్డులో చేరాను. ఇరవై ఏళ్లుగా పప్పు ఏరుతున్నాను. నా చదువు సంతకం వరకే. నా కూతురు మాత్రం శ్రీకాకుళంలో పరిశోధన చేస్తోంది. అదీ ఏరుడే, ఆకాశం ఫోటోల్లో.

ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ నా ముందు పెట్టింది. ఒకే ఆకాశపు ముక్కకు రెండు ఫోటోలు. నీలం వెలుగులో తీసినదాంట్లో ఏమీ లేదు. ఎరుపులో తీసినదాంట్లో ఒక చుక్క.

"అమ్మా, ఇది ఒక్క సుక్క కాదు, కోట్ల సుక్కల గుంపు. లోకం పుట్టిన కొత్తల్లోది. దీన్లో ఇంకా కొత్త సుక్కలు పుడతన్నాయి."

"అంత పసిదని నీకెవులు సెప్పారే?"

"దూరం నుంచొచ్చే వెలుగు సాగి సాగి ఎర్రబడతాది. ఇది ఎర్రగున్నాది కదా."

ఆ వెలుగు మన దాకా వచ్చేసరికి ఆ గుంపు ముసలిదైపోతుందట. మనం చూసేది దాని పసితనాన్నట. నాకది వింతనిపించలేదు. గోడమీద ఫోటోలో మా ఆయన ఇంకా ముప్పై ఏళ్లవాడే.

అలాంటివి ఆరు ఏరింది. మర్నాడు తన పరిశోధన చూసే మేడంకి చూపించాలి. ఆరింటిలో ఈ చుక్కే పెద్దది, ఆశంతా దీనిమీదే. ఇది తప్పని తేలితే మిగతావీ ఎవరూ నమ్మరు.

షెడ్డులో నా మొదటి వారం గుర్తొచ్చింది. ఎర్రగా కనబడిన పప్పునల్లా మాడిందని పక్కన పారేశాను. పక్కన కూర్చున్న ముసలామె పగలబడి నవ్వింది. "ఓలమ్మో, ఎర్రగుంటే మాడినట్టేనేటే? పొట్టు గీకి సూడు గుంటా!" గీకితే లోపల పాలలా తెల్లగా ఉంది.

"దీనికి పొట్టు లేదు కదేటి?" అన్నాను.

అమ్మాయి మొహం మారింది. "దగ్గర్లో ఉన్నదానికి దుమ్ము కప్పినా ఇలాగే ఎర్రగుంటాది. దుమ్ముంటే దాని వేడి ఇంకో రకం ఫోటోలో వెలుగుతాది."

"మరది సూశావేటి?"

"లేదు."

ఎందుకని అడగలేదు. పెద్ద పప్పు దొరికిన రోజున, లోపల పుచ్చుందేమోనన్న భయంతో నాకూ గీకబుద్ధయ్యేది కాదు.

సాయంత్రానికి ఆ ఫోటో తెరిచింది. అక్కడ చుక్క భగ్గుమని వెలుగుతోంది. దుమ్మే. దాన్ని తన చేత్తోనే జాబితాలోంచి కొట్టేసింది, అదే ఫోటోలో మిగతా ఐదూ చూసుకుంది. అవి వెలగలేదు.

మర్నాడు సాయంత్రం శ్రీకాకుళం బస్సు దిగి నేరుగా షెడ్డుకే వచ్చింది.

"పెద్దదేదని మేడం అడిగారమ్మా. పొట్టు తీస్తే పోయింది, తీయించింది మా అమ్మేనన్నాను."

"ఏటన్నారే?"

"నవ్వారు. నీలాంటోళ్లు ఇంకొకరుంటే పంపమన్నారు."

"మిగతా ఐదు?"

"ఉన్నాయి. ఇంకా వేరే రకాలుగా గీకాల."

జరిగి పీట మీద చోటిచ్చాను. నా బుట్టలో ఇంకా సగం పప్పు ఉంది.