జొరమింటి డబల్ రొట్టె

ఇంద్రేశంలో ఎవరికైనా జ్వరమొచ్చిందంటే, చూడవచ్చేవాళ్ల చేతిలో బ్రెడ్డు పాకెట్ ఉండాల్సిందే. ఎవరు పెట్టిన ఆచారమో మరి. సముద్రాలు దాటొచ్చిన ఆ తిండి హైదరాబాదులో డబల్ రొట్టె అని పేరు పెట్టించుకుని, నేతిలో వేగి, పాలల్లో మునిగి, పెళ్లి విందుల్లో డబల్ కా మీఠాగా దర్జా వెలగబెడుతుంది. పటాన్‌చెరు దాటి ఈ ఊరికొచ్చేసరికి రోగి మంచం పక్కన చేరుతుంది. తిండికైనా మనిషికైనా ఊరికో హోదా!

పెద్దరాములుకు జ్వరం పోయింది గానీ నోటికి రుచి రాలేదు. అన్నం చూస్తే మొహం తిప్పుకుంటాడు. ఇక మందులొద్దు, తిండే మందు అన్నాడు డాక్టరు. తినకపోతే మనిషి లేచి తిరిగేదెలా? భార్య ముత్యమ్మ బెంగంతా అదే. చుట్టాలు తెచ్చిన బ్రెడ్డు మాత్రం అరమీద పేరుకుని ఎండిపోతోంది.

ముత్యమ్మ ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చేలల్లో కలుపు తీసింది. ఆ చేలు ప్లాట్లయ్యాక ఓ కంపెనీ క్యాంటీన్లో గిన్నెలు తోముతూ, బీహారు వంటవాడితో పోట్లాడేంత హిందీ నేర్చింది. ఎక్కడున్నా ఒకటే పట్టు: రొట్టె పారెయ్యదు. నిన్నటి జొన్నరొట్టెను తుంచి, మజ్జిగతో తడిపి, ఉల్లిగడ్డ పోపులో మగ్గబెడితే పొయ్యి మీది కొత్త రొట్టె కూడా దాని ముందు దిగదుడుపే.

ఆ సాయంత్రం బ్రెడ్డునూ అలాగే తడిపింది. జొన్నరొట్టె మొండిది, ఎంత మజ్జిగ తాగినా నిలబడుతుంది. బ్రెడ్డు నిలబడలేదు. పోపులో పడకముందే అంబలైంది.

కోడలు వనజ గిన్నెలోకి తొంగి చూసింది. "అత్తమ్మా, గోడలకు పోస్టర్లు అంటిస్తవా ఏంది?"

"నవ్వకు పిల్లా. మిషన్ల జేసిన రొట్టె, దానికి బలమెక్కడిది!"

"నాకొద్దే గది," అన్నాడు మంచం మీంచి పెద్దరాములు. "జొరమొచ్చినోళ్ల కూడు. జొరం వొయ్యింది గని, గిది ఇల్లిడిస్తలేదు."

ఆ ముద్ద పక్కింటి బర్రెకు పోయింది. ముత్యమ్మ మరో పాకెట్ విప్పి, బూజు లేదని వెలుతుర్లో తిప్పి చూసుకుంది. ఈసారి ముక్కల్ని ముందుగా వట్టి పెనం మీద గలగలమనేదాకా కాల్చింది. మూకుట్లో ఆవాలు, పల్లీలు, పచ్చిమిర్చి, ఉల్లిగడ్డ వేయించి, పసుపు వేసి, టమాటా మెత్తబడ్డాక ముక్కలు కలిపింది. మజ్జిగను వేళ్లతో చిలకరించిందంతే. దింపి, కొత్తిమీర చల్లి నిమ్మకాయ పిండింది.

పోపు వాసనకు పెద్దరాములు లేచి కూర్చున్నాడు. "ఏందే, అటుకులా?"

"తిని చెప్పు."

ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద. "కారం జెర ఎక్కువైంది," అన్నాడు, పళ్లెంలోంచి చెయ్యి తియ్యకుండానే.

కారం తెలిసిందంటే నోటికి రుచొచ్చినట్టే! ముత్యమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"మామా, గది జొరమొచ్చినోళ్ల కూడే," అంది వనజ నవ్వాపుకోలేక.

పెద్దరాములు పళ్లెంలోకి ఓసారి, కోడలి వంక ఓసారి చూశాడు. "జొరమొచ్చినోళ్లకు గింత కారం ఎవలు వెడ్తరు? ఇంకింత ఎయ్యి."

మళ్లీ పెట్టించుకుని, అదీ తిన్నాడు. "రేపు పచ్చిపులుసు చెయ్యి. పక్కన ఆమ్లెట్."

"అబ్బో, నవాబు లేషిండు!" అంటూ ముత్యమ్మ మూకుడు ఒళ్లోకి లాక్కుంది. అడుగంటి కరకరలాడే ముక్కలు గీక్కుని, అప్పుడు తను తినడం మొదలుపెట్టింది.