మీ ఖాతా వేరే చోట నడుస్తోంది

ముందే ఒక మాట ఒప్పేసుకుంటాను. నేను కోతలు కోస్తాను. మా ఆవిడ సుజాత లెక్క ప్రకారం నేను చెప్పేదాంట్లో మూడో వంతు తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే నిజానికి కాస్త దగ్గరగా వస్తుంది. పెరట్లోకి కుందేలు వస్తే జింక అంటాను. జింక వస్తే ఫోన్ చేసి మరీ ఎలుగుబంటి అంటాను. కాబట్టి ఇందులో మంచు లోతు, చలి, నా డ్రైవింగ్ నైపుణ్యం మీరే తగ్గించుకుని చదవండి. తగ్గించనక్కర్లేనివి ఎక్కడున్నాయో నేనే చెబుతాను.

ఇంకో మాట. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. నేను కారు తలుపుల గొళ్ళేలు డిజైన్ చేసే ఇంజనీరుని. మిషిగన్‌లో ఇరవై రెండేళ్ళుగా అదే పని. తలుపు దానంతటది తెరుచుకుంటే లోకం దయ్యం అంటుంది, మా ఆఫీసులో స్ప్రింగు అంటారు. స్ప్రింగు మారుస్తాం. దయ్యం పోతుంది.

మేముండేది ఫార్మింగ్టన్ హిల్స్‌లో. తెలుగు పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఒకటి ఉంది, పేరెందుకులెండి. ఖాతా ఒక్కటే, వాడేది మూడిళ్ళవాళ్ళం. మనవాళ్ళకి ఒక ఖాతా తీసుకుని ఒక్కళ్ళమే వాడుకుంటే అన్నం సహించదు కదా. పాస్‌వర్డ్ చెప్పని వాడు స్నేహితుడెలా అవుతాడు?

చిక్కల్లా ఆ యాప్‌లో ఒకేసారి ఒక్క చోటే వినాలి. రెండో చోట ఎవరైనా మొదలుపెడితే మొదటి చోట టక్కున ఆగిపోతుంది. ఆగి, "మీ ఖాతా వేరే చోట నడుస్తోంది" అని తెర మీద చూపించి, ఎక్కడ నడుస్తోందో ఆ పరికరం పేరు కూడా పెడుతుంది. దాని కింద "ఇక్కడే వింటాను" అని ఒక బటన్. అది నొక్కితే అవతలివాళ్ళది ఆగి మనది మళ్ళీ మొదలవుతుంది.

మొదటి నెలంతా ఈ బటన్ మీద కురుక్షేత్రం నడిచింది. చివరికి టైమ్‌టేబుల్ రాసుకుని ముగ్గురి ఫ్రిజ్‌ల మీదా అంటించుకున్నాం. పొద్దున్న అయిదున్నర నుంచి ఆరున్నర దాకా యాదగిరి జిమ్ముకి. యాదగిరిది కరీంనగర్, సాఫ్ట్‌వేర్, నన్ను అన్నా అంటాడు. ఏడు నుంచి ఎనిమిది దాకా నాది, ఆఫీసుకి డ్రైవ్ చేసేటప్పుడు. సాయంత్రం వంట వేళ సుజాతది. ఎనిమిది నుంచి ఆ సాయంత్రం దాకా మొత్తం పానకాలరావు గారిది.

పానకాలరావు గారిది గుంటూరు వైపు. కార్లకు రంగులేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయాక ఒక్కరే ఉంటారు. మా ఇంటికి పది మైళ్ళు. నేనీ దేశం వచ్చిన మొదటి చలికాలం, ఐసు మీద బ్రేకు తొక్కితే కారెందుకు ఆగదో ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఓ ఆదివారమంతా కూర్చోబెట్టి నేర్పింది ఆయనే. షుగరు వల్ల ఇప్పుడు ఆయనకి అక్షరాలు ఆనవు. అందుకే వంటింట్లో నేనే ఒక స్పీకరు పెట్టి, దానికి "పానకాలు వంటిల్లు" అని పేరు పెట్టి, నోటితో చెబితే పుస్తకం చదివేలా ఏర్పాటు చేశాను.

స్లాటు విషయంలో ఆయనది రైల్వేవాళ్ళ పట్టుదల. నేను ఓసారి అయిదు నిమిషాలు ఎక్కువ విన్నానని ఫోన్ చేశారు.

"ఏమయ్యా, నీ పుస్తకంలో ఇంకా ఎవరూ చావలేదా? ఎనిమిదయిపోయింది. కాఫీ పట్టుకుని కూర్చున్నానిక్కడ."

అంతే తప్ప నా టైములో ఆయనెప్పుడూ వేలు పెట్టలేదు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా. ఇది తగ్గించుకోకండి.

జనవరిలో ఒక మంగళవారం. ముందు రోజు సాయంత్రం నుంచి గడ్డకట్టే వాన, దాని మీద మంచు. పొద్దున్నకి మా వాకిట్లో మంచు నా నడుం దాకా ఉంది. సుజాత చీలమండ దాకా అంటుంది, ఆమె పొడుగు మనిషి. చుట్టుపక్కల చాలా చోట్ల కరెంటు పోయిందని ఫోన్లో వార్తలు. మాకు పోలేదు. ఏడింటికి బయలుదేరాను.

కారు రోడ్డు మీద నడిచిందనేకన్నా రోడ్డు కారు కింద నుంచి జారిపోయిందనడం సబబు. నేను మాత్రం డిటెక్టివ్ నవల చివరి అధ్యాయంలో ఉన్నాను. ఆరు వారాలుగా వింటున్నాను. బంగళాలో అందరినీ హాల్లో కూర్చోబెట్టి, డిటెక్టివు గొంతు సవరించుకుని, ఆ తలుపు లోపల్నుంచి తీసింది ఎవరంటే అన్నాడు.

ఆగిపోయింది. ఏడూ ఇరవై.

తెర మీద "మీ ఖాతా వేరే చోట నడుస్తోంది: పానకాలు వంటిల్లు" అని ఉంది.

ముందు చిరాకేసింది. వెనకే గడియారం చూశాను. ఆయన స్లాటుకి ఇంకా నలభై నిమిషాలుంది. సూర్యుడు పడమట పొడిచినా పొడవచ్చు గానీ పానకాలరావు గారు ఏడూ ఇరవైకి పుస్తకం పెట్టరు. ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. వెంటనే కారు తిప్పాను. మామూలుగా అక్కణ్ణుంచి వాళ్ళిల్లు పావుగంట. మంచు వల్ల ఎనిమిదీ ఇరవై అయిదయింది.

వాళ్ళ వీధి మలుపులో సిగ్నలు లైట్లు వెలగడం లేదు. వీధిలో ఒక్క కిటికీలోనూ వెలుతురు లేదు. ఆయన ఊరెళ్ళినప్పుడు మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇచ్చిన తాళంచెవి నా గుత్తిలోనే ఉంది. దాంతో తలుపు తీశాను. నా ఊపిరి నాకే కనబడేంత చలి లోపల.

వంటింట్లోకి వెళ్ళాను. స్పీకరు గట్టు మీదే ఉంది. మీద వెలగాల్సిన నీలం లైటు లేదు. పక్కనే ఆయన పాతకాలం మడత ఫోను, నా కాల్స్‌తో. మైక్రోవేవ్ గడియారం నల్లగా ఉంది. బేస్‌మెంట్ తలుపు బార్లా తీసి ఉంది.

మెట్ల కింద పడి ఉన్నారు. కుడికాలు ఉండకూడని తీరులో మడిచి ఉంది. చెయ్యందినంత మేర ఉతకాల్సిన బట్టలు మీదికి లాక్కుని కప్పుకున్నారు. పెదాలు నేరేడుపళ్ళ రంగులో ఉన్నాయి. నన్ను చూసి ఆయన అన్న మొదటి మాట ఇది.

"వచ్చావా. పుస్తకం ఆగిందా?"

అంబులెన్సు వచ్చింది. తుంటి ఎముక విరిగింది. ఒళ్ళు బాగా చల్లబడిపోయింది, ఇంకాసేపు అలాగే ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు డాక్టరు. ఇది నేను పెంచింది కాదు, సుజాత పక్కనే ఉంది.

ఆపరేషనయ్యాక మూడో రోజు పానకాలరావు గారు మాట్లాడారు. కరెంటు లేక నీళ్ళు తోడే పంపు ఆగి బేస్‌మెంట్ నిండుతుందేమోనని ఆరింటికి టార్చిలైటు పట్టుకుని దిగారట. మూడో మెట్టు మీద జారారట. అరిస్తే పక్కింటికి వినబడదు. ఫోను పైనుంది. హాల్లో గోడ గడియారం ఏడు కొట్టింది. అప్పుడు నేను గుర్తొచ్చానట.

"ఏడింటికి నువ్వు కార్లో ఉంటావు కదా. నా స్పీకరు మొదలైతే నీ పుస్తకం ఆగుతుంది. ఆగితే నువ్వు తిట్టడానికైనా ఫోన్ చేస్తావు. నేను ఎత్తకపోతే ఇంకా తిట్టడానికి వస్తావు. నీ బుద్ధి నాకు తెలీదా?"

అలా మెట్ల కింద నుంచి, తెరిచి ఉన్న తలుపులోంచి, వంటింట్లో స్పీకరుకి వినబడేలా పుస్తకం చదవమని అరిచారట.

"కరెంటు లేదుగా గురువు గారూ," అన్నాను.

"తెలుసయ్యా. కరెంటు లేదనేగా దిగింది. నోరొక్కటే కదులుతోంది, పిలిచాను. మూడుసార్లు పలకలేదది. నాలుగోసారికి పలికినట్టుంది."

"పలికిందా? వినబడిందా మీకు?"

"లేదు. నువ్వొచ్చావుగా."

నేను స్ప్రింగు వెతికే మనిషిని. యాదగిరినీ కూర్చోబెట్టి వెతికించాను. ఆ వీధికి ముందు రోజు రాత్రి కరెంటు పోయిందనీ, మర్నాడు పదకొండుకి వచ్చిందనీ కరెంటు కంపెనీ పంపిన మెసేజీలు పక్కింటావిడ చూపించింది. ఆ స్పీకరుకి బ్యాటరీ లేదు. విప్పి మరీ చూశాం. ఇంటర్నెట్ డబ్బాకీ లేదు. ఆయన మడత ఫోన్లో ఈ యాప్ ఎక్కదు. పాస్‌వర్డ్ ఇంకెవరికైనా పాకిందేమోనని పరికరాల జాబితా తీశాం. మావే ఉన్నాయి, కొత్తదేదీ లేదు. కస్టమర్ సర్వీసుకి రాస్తే, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామనీ, ఆ రోజు అడిగింది ఆ స్పీకరేననీ జవాబొచ్చింది.

"గదెట్లయితది అన్నా? కరెంటే లేకపాయె. ఏడికెల్లి అడిగింది మరి?" అన్నాడు యాదగిరి.

"నువ్వేగా సాఫ్ట్‌వేరు."

"సాఫ్ట్‌వేర్‌కు గూడ కరెంటు గావాలె గదనే."

అంతకు ముందు రోజు ఆయన అన్న మాటేదో సర్వర్లో ఇరుక్కుని అప్పుడు బయటపడిందేమో అని ఒక వాదన లేవదీశాడు. ఆ వాదన వాడికే రుచించలేదు. నాకూ రుచించలేదు. ఇంకోటి దొరకలేదు.

అప్పట్నుంచి నాకు కారులో నిలకడ లేదు. పుస్తకం చదివే మనిషి పేరాకీ పేరాకీ మధ్య ఊపిరి తీసుకున్నా సరే, తెర వైపు చూస్తాను. ఓసారి హైవే మీద సిగ్నలు తగ్గి పుస్తకం ఆగితే, పక్కకి తీసి ఆపి పానకాలరావు గారికి ఫోన్ చేశాను. "బతికే ఉన్నానయ్యా, పని చూసుకో" అన్నారు. వాకరు పట్టుకుని నడుస్తున్నారిప్పుడు. బేస్‌మెంట్‌కి తాళమేశాం. మెడలో, నొక్కితే అంబులెన్సు వచ్చే మీట వేలాడదీశాం. ఆయన దాన్ని తాయెత్తు అంటారు. దాని కన్నా స్పీకరే నయం, పుస్తకమైనా చదువుతుంది అంటారు.

మా సర్కిల్లో ఎవరి ఇంట భోజనానికి కలిసినా ఈ కథ నాచేత చెప్పిస్తారు. సంగతంతా చెప్పి, చివర్లో ఆ నవలలో హంతకుడెవరో నాకిప్పటికీ తెలీదండీ అంటాను. అందరూ నవ్వుతారు. పానకాలరావు గారు నా భుజం మీద చెయ్యేసి, మావాడు ఒక్క పిలుపుకే వచ్చాడు అంటారు.

ఇక నేను కల్పించింది ఏమిటో చెప్పాలి.

మంచు నడుం దాకా లేదు. అది మీకు ముందే తెలుసు. కరెంటు సంగతి నిజం, స్పీకరు సంగతి నిజం, ఆయన అన్న ప్రతి మాటా నిజం. లెక్కలొచ్చినవాళ్ళు ఈపాటికి అడిగే ఉంటారు, ఏడూ ఇరవైకి తిప్పిన కారు పావుగంట దూరానికి ఎనిమిదీ ఇరవై అయిదు దాకా ఏం చేసిందని. మంచు వల్ల అని రాశాను. పాపం, మంచుకేం తెలుసు.

హంతకుడు వంటవాడు. నాకు తెలుసు.

ఏడూ ఇరవైకి పుస్తకం ఆగినప్పుడు నేను ఫోన్ చెయ్యలేదు. కారు తిప్పలేదు. ముసలాయనకి తొందరెక్కువైందని గొణుక్కుని "ఇక్కడే వింటాను" నొక్కాను. ఏడూ ముప్పై ఒకటికి మళ్ళీ ఆగింది. మళ్ళీ నొక్కాను. ఏడూ నలభై రెండుకి ఆగింది. ఈసారి పైకే ఒక మాట అని నొక్కాను, ఆ మాట ఇక్కడ రాయను. అధ్యాయం పూర్తయింది. ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు పెట్టి, ఇంజన్ ఆపకుండా, చివర్లో పుస్తకం చదివినవాళ్ళ పేర్లు చెబుతుంటే వింటూ కూర్చున్నాను. ఏడూ యాభై అయిదుకి ఆ పేర్ల మధ్యలో నాలుగోసారి ఆగింది. అప్పుడు చేశాను ఫోన్. అది కూడా తిట్టడానికే.

యాప్‌లో ఎవరెప్పుడు విన్నారో చూపించే పేజీ ఒకటుంది. అందులో "పానకాలు వంటిల్లు" అని నాలుగు వరుసలున్నాయి. నాలుగింటి ఎదురుగానూ విన్న సమయం సున్నా అని ఉంది. మొదటి మూడింటి వెనకా నా కారు పేరు ఉంది. యాదగిరి ఆ పేజీ చూశాడు. వరుసలు వేలితో లెక్కపెట్టాడు. తర్వాత ఫోను నాకిచ్చేస్తూ, "అన్నా, ఇది పానకాలు సార్‌కు జెప్పకు" అన్నాడు.

కరెంటు లేని ఇంట్లోంచి ఆ పిలుపులు ఎలా వచ్చాయో నాకు తెలీదు. ఎప్పటికైనా తెలుస్తుందనీ అనుకోను. తెలిసిందల్లా ఒకటే. మూడుసార్లు పలకలేదని ఆయన ఆ స్పీకరుని ఇప్పటికీ తిడుతుంటారు. అది నాలుగుసార్లూ పలికింది.

ఆయన ఇది చదవలేరు. మీలో ఎవరికైనా ఆయన తెలిస్తే, ఎనిమిది దాటాక వెళ్ళి కాస్త చదివి వినిపించండి. నేనే చెబుదామని ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. కాఫీ తాగి వచ్చేశాను.