తాయెత్తుకు మా మిషను సాక్ష్యం

కోవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడు. మెదక్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో స్పైరోమెట్రీ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. రోగి గొట్టంలోకి బలంగా ఊదాలి. మొదటి సెకనులో ఎంత గాలి బయటికి వచ్చిందో మిషను కొలుస్తుంది. దాన్ని ఎఫ్‌ఈవీ వన్ అంటాం. ఊపిరి గొట్టాలు ముడుచుకుంటే అది పడిపోతుంది.

దర్జీ మహబూబ్ భాయ్‌కి పడిపోయింది. మందు పీల్పించి, కాసేపాగి మళ్లీ ఊదిస్తే బాగా పెరిగింది. ముడుచుకున్న గొట్టాలు అలా తెరుచుకోవడం ఆస్తమా గుర్తు. రోజూ వాడమని డాక్టరు ఇన్‌హేలర్ రాశారు.

కొన్ని నెలలకు మెడలో నల్లతాడుతో, తాయెత్తుతో మళ్లీ వచ్చాడు. శంకరంపేట దిక్కు ఒకాయన కట్టాడట. ఆయన ముంగిట హిందువులూ ముస్లిములూ ఒకే వరసలో నిలబడతారు. మన మతసామరస్యం మూఢత్వం దగ్గరే ఇంత నిండుగా వర్ధిల్లుతోంది!

ఆ రోజు ఊదితే అంతా నార్మల్.

"చూసిన్రా సార్? తాయెత్తు కట్టి వారం గూడ గాలే."

"ఇన్ని నెలలు మందు పీల్చిందెవరు భాయ్, తాయెత్తా?"

"ఇగ మందు బంద్ జేస్తున్న. అలవాటైతదట."

"నార్మల్ అంటే ఇయ్యాల గొట్టాలు తెరుచుకున్నయని. రోగం పోయిందని గాదు. ఆస్తమా గిట్లనే దాక్కుంటది."

ఆయన నవ్వాడు. "మీ మిషినే పాసంటుంటే మీరు ఫేలంటరేంది సార్?"

డాక్టరు కోప్పడినా వినలేదు.

చలికాలం ఒక పొద్దున ఆటోలో తెచ్చారు. ఊదడం మాట అటుంచి, పేరు చెప్పడానికే ఊపిరి లేదు. ఆక్సిజన్ మాస్కుకు అడ్డొస్తోందని నర్సు ఆ తాడు కోసేసింది. అంబులెన్సులో హైదరాబాద్‌కు పంపారు. దారిలోనే పోయాడు.

కొన్నాళ్లకు రేగోడ్ నుంచి ఒకామె ఆయాసపడుతూ వచ్చి ఫోన్లో ఫొటో చూపింది. తాయెత్తాయన గోడ మీద, లామినేషన్ చేసిన మహబూబ్ భాయ్ నార్మల్ రిపోర్టు!

"గిసొంటి కాగితం నాకు గూడ ఇయ్యిండ్రి సార్."

"అమ్మా, ఆ మనిషి సచ్చిపోయిండు."

"ఎరికే. దవాఖానల తాడు కోసిన్రట గద, గందుకే."

అంకె అబద్ధమాడదని ఇన్నేళ్లూ మూఢనమ్మకాల మీద పెట్టే సభల్లో చెబుతూ వచ్చాను. అబద్ధమాడదు, నిజమే. కానీ దానికి నోరు లేదు. ముందుగా ఎవరు పట్టుకుపోతే వాళ్ల గోడ మీద వేలాడుతుంది. ఆ కేసు నాకు నేర్పింది ఇంతే.

గొట్టం అందించాను. "గట్టిగ ఊదుండ్రి."

నేనెక్కడ కోసేస్తానోనని, మెడలోని తాడును పిడికిట్లో బిగించి పట్టుకుని ఊదిందామె.