కొత్తిమీరకు కారు

అప్పట్లో నేనింకా చిన్నదాన్ని. అరవై ఎనిమిది నిండి, పైన రెండు నెలలు. (ఇప్పుడు డెబ్బై మూడు కనుక ఆ వయసు పడుచుదనంలాగే కనిపిస్తుంది.) ఆ వయసులో మనిషికి తన తెలివి మీద నమ్మకం మెండు. తాను చేసే మాయ ఎదుటివాళ్లకు తెలియదనుకుంటుంది. నేనూ అట్లాగే అనుకున్నాను.

మేం నల్లగొండలో ఉంటాం. తెలంగాణ వచ్చిన ఏడాది దసరాకు కొడుకు కారు కొన్నాడు. ఏడేళ్ల తర్వాత దాన్ని ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్న మాట వచ్చింది. కొడుకు ఆఫీసుకు నడిచిపోతాడు, కోడలు బడికి స్కూటీ మీద పోతుంది, కారు గోడ పక్కన ఎండకు ఎండుతుంది. "ఉత్తగ మాట్లాడుడెందుకు అత్తమ్మా, మూడు నెలలు రాసి చూద్దం. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఏం పని మీద తిరిగింది. మీ అంత పక్కాగ రాసేటోళ్లు ఎవరున్నరు?" అంది కోడలు. పాల లెక్కలో అరలీటరు తేడా వస్తే వారం దాకా పాలాయన్ని వదలని దాన్ని కదా, పొంగిపోయి ఒప్పుకున్నాను.

మొదటి నెల చివర కూడి చూశాను. కేతేపల్లి ప్రయాణం ఒక్కటి తీసేస్తే కారు తిరిగింది లేనేలేదు. కేతేపల్లిలో మా అక్క ఉంది. నాకన్నా ఆరేళ్లు పెద్దది, చూపు మందగించి గడప దాటదు. నా మోకాళ్లు బస్సు మెట్లు ఎక్కవు. నెలకొకసారి కారులో పోతేనే ఒకరి ముఖం ఒకరం చూసుకునేది. కారు అమ్మితే ఆ దారి మూసుకుపోయినట్టే. నోరు తెరిచి ఆ మాట అనొచ్చు. అంటే వాళ్లకు బరువైపోతానేమోనని అనలేదు.

అంకెలు మార్చడం నా చేత కాదు. కానీ కారును నిజంగానే తిప్పితే అందులో అబద్ధమేముంది? రెండో నెల మొదటి ఆదివారం కొడుకును పిలిచాను. "బిడ్డా, గీ గల్లీల దొరికే కొత్తిమీరకు వాసనే లేదురా. పానగల్లుకు పోదం. ఆడ అప్పటికప్పుడు కోసిస్తరట."

"జర దూరానికి ఆటో ఎందుకని నడిపిచ్చేదానివి, కొత్తిమీరకు కారా అమ్మా?"

"వాసన ముఖ్యం."

తర్వాత బత్తాయిలకని తిప్పర్తి వైపు తోటకు పోయాం. నకిరేకల్‌లో దర్జీ బాగా కుడతాడని జాకెట్లు ఇవ్వడానికి ఒకసారి, తీసుకోవడానికి ఒకసారి, చేతులు బిగుతయ్యాయని ఇంకొకసారి. (నిజంగానే బిగుతయ్యాయి. అందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.) అన్నిటికీ తేదీ వేసి, పని ఏమిటో దాచకుండా రాశాను.

మూడో నెల ఆఖరున కోడలు నా లెక్కల పుస్తకం పైకి చదివింది. "కొత్తిమీర, ఎనిమిది కిలోమీటర్లు. జాకెట్టు, యాభై. జాకెట్టు, మళ్ల యాభై. జాకెట్టు చేతులు..." ఇక చదవలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కొడుకైతే పగలబడి నవ్వాడు. "మా అందరికన్న నువ్వే జోరుగ తిరిగినవ్ గదనే అమ్మా!"

కోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. "మూడుసార్లు నకిరేకల్ దాక పోయిన్రు. ఇంకో జర ముందుకు పోతే కేతేపల్లే గద అత్తమ్మా! అక్కడికి గూడ పోదమని ఎందుకనలే?"

"నేను చెప్పిన పని జాకెట్టే గద బిడ్డా," అన్నాను. కోడలి చేతిలోంచి పుస్తకం తీసుకుని మూశాను. "అక్కకు కండ్లు మొత్తం పోకముందే..." అన్నాను, అంతే.

కారు అమ్మేశారు. కేతేపల్లికి మాత్రం నెలనెలా రెండో ఆదివారం కిరాయి కారు మాట్లాడారు. వానొచ్చినా సరే, చుట్టాలొచ్చినా సరే. మొదటిసారి పోయినప్పుడు అక్క నా ముఖమంతా వేళ్లతో తడిమి, "కారు అమ్మిన్రట గద, ఎట్లొచ్చినవే చెల్లె?" అంది. కిరాయి కారులో అన్నాను. "అబ్బో, డ్రైవర్‌ను పెట్టుకున్నవా! దొరసానివైనవ్ పో!"

తిరిగొచ్చేటప్పుడు కొడుకు నా పక్కన కూర్చున్నాడు. సొంత కారులో ఏడేళ్లూ వాడు ముందు కూర్చుని నడిపేవాడు, నేను వెనక నుంచి వాడి మెడ చూసేదాన్ని. నకిరేకల్ దాటకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. చెవి పక్కన జుట్టంతా తెల్లగా ఉంది. ఎప్పుడు నెరిసిందో! అన్నిటికీ తేదీలు వేసే మనిషిని, దానికి మాత్రం వేయలేదు.

భుజం తిమ్మిరెక్కినా కదపలేదు. "మెల్లగ పోనియ్ బిడ్డా," అన్నాను డ్రైవరుతో. పానగల్లు మీదుగా చుట్టు తిప్పి తీసుకుపొమ్మని కూడా అనబోయాను.