పెద్ద ఎస్‌తో శాన్వి

బస్సులో ఫోన్ మోగితే నేనిప్పుడు ఎత్తను. ఆ రోజు మాత్రం ఛత్రినాకలో ఎక్కినప్పటి నుంచీ మా ఆఫీసు శీనుతో ఫోన్‌లో వాదిస్తూనే ఉన్నాను. మేం ఒక ఆసుపత్రికి సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. రోగుల వివరాలను బయటి కంపెనీ క్లౌడ్‌లో పెడదామని శీను, సొంత సర్వర్‌లో డేటాబేస్ మనమే నడుపుకోవాలని నేను.

"పరాయోళ్ల చేతుల ఎట్ల పెడతం రా? మన తాన ఉంటే ఫికర్ లేదు" అన్నాను.

చివరికి శీను ఒప్పుకుని సర్వర్ పాస్‌వర్డ్ అడిగాడు. బస్సు రొదలో వాడికి వినబడక రెండుసార్లు చెప్పాను.

ఫోన్ పెట్టేయగానే, పక్క సీట్లో గాజుల డబ్బాలు ఒళ్లో పెట్టుకున్న ముసలాయన అడిగాడు. "మీ శాన్వికి ఆరేండ్లు ఉంటయా బేటా? బడికి పోతున్నదా?"

ఆయన్ని నేనెన్నడూ చూడలేదు.

"నా బిడ్డ పేరు మీకెవరు చెప్పిన్రు?"

"నువ్వే గద. పెద్ద ఎస్‌తో శాన్వి, దాని ఎన్క నాలుగు అంకెలు. పుట్టిన సంవత్సరమే అనుకున్న."

చార్మినార్ స్టాపులో ఆయన డబ్బాలు సర్దుకుని లేచాడు. "నేనొక్కన్నే ఇనలే బేటా" అని దిగిపోయాడు.

వెనక్కి తిరిగాను. వెనక సీట్లోని ఇద్దరూ ఒక్కసారే కిటికీ వైపు మొహాలు తిప్పుకున్నారు.