షరఫియాలో వెనక నుంచి తీసిన ఫోటో

శుక్రవారం వస్తే నాకు గదిలో కాలు నిలవదు. ఈ అరబ్బు దేశంలో ఏసీలు బాగుచేసే పని నాది. వారమంతా మిద్దెల మీద ఎండలో మాడి, ఆ ఒక్క పూటా ఫోన్ పట్టుకుని, మనవాళ్లంతా చేరే షరఫియా వీధుల్లో పడతాను. చాయ్ హోటళ్ల ముందు గుంపులు, దర్జీ కొట్లో కొలతలు, బస్సు కోసం పరుగులు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఫోటో తీయాలని నా పిచ్చి. మనవాళ్లు తీయనిస్తేగా! ఫోన్ ఎత్తగానే నల్లద్దాలు పెట్టుకుని, ఎవడిదో కారుకు ఆనుకుని నిలబడతారు. ఒళ్లు మండిపోతుంది. అందుకే వెనక నుంచి తీయడం అలవాటు చేసుకున్నాను.

అలాంటిదొకటి మా ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే, చేతులు మారి పక్క ఊరికి చేరింది. అక్కడి నుంచి ఒకామె వాయిస్ మెసేజ్ పంపింది.

“అన్నా, ఆ చాయ్ హోటల్ ముంగట మెడ మీద చెయ్యేస్కొని నిలబడ్డాయన మా ఆయనే. యాడాది సంది ఫోన్ లేదు. ఉన్నడో పోయిండో తెలుస్తలేదు. జర దేవులాడన్నా, నీ కాళ్లు మొక్కుత.”

ఇక నాకు నెమ్మది లేదు. చేతిలో స్క్రూడ్రైవర్ పెట్టుకుని దానికోసమే వెతికాను. తర్వాతి శుక్రవారం హోటల్ హోటల్ తిరిగినా అతను కనబడలేదు. ఆ వీపు ఇంకెవరిదో అయితే ఆమెకేం చెప్పాలని ఒకటే గుబులు.

ఆపై వారం అదే హోటల్లో దొరికాడు. ఫోటో చూపించగానే మొహం పాలిపోయింది.

“తీసెయ్యన్నా! నేను ఖల్లివెల్లిని, దొంగచాటుగ ఉంటున్న. పాస్‌పోర్ట్ నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ తాననే ఉన్నది, ఆని కాడికెల్లి ఉరికొచ్చిన. పోలీసోళ్లు గుర్తు పడ్తరు.”

“పోలీసోళ్లు గాదు, నీ పెండ్లాం గుర్తు పట్టింది. ఎనుక నుంచి జూసి.”

అతను కుర్చీలో కూలబడ్డాడు. “కాయితాల్లేవు, రోజూ పని దొర్కది. ఏం మొకం పెట్టుకొని ఫోన్ చెయ్యాలె? నేను కాదని చెప్పన్నా.”

“నేను జెప్ప! కావాలంటే నువ్వే చెప్పుకో,” అని అరిచాను. నిజంగానే కోపం వచ్చింది. అక్కడ ఆమె బొట్టు పెట్టుకోవాలో వద్దో తెలియక చస్తోంది!

పాత ఫోటో అతని ముందే తీసేశాను. బయట మా కంపెనీ బస్సు హారన్ కొడుతుంటే లేచాను.

“ఆగన్నా.”

చేతులు కడిగే చోట అద్దం ముందు నిలబడి, తడిచేత్తో జుట్టు సర్దుకున్నాడు. చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, సూటిగా నా ఫోన్ వైపు చూశాడు.

“ఆమెకొక్కదానికే పంపాలె. జర నవ్వాల్నా?”

బస్సు పోతే పోయింది. “నవ్వు మరి,” అన్నాను.