శౌరి కుడికాలు

శౌరికి యాభై దాటాయి. వాటిలో ఎక్కువ భాగం స్టీరింగ్ వెనకే పోయాయి. తెల్లారగానే ముప్పాళ్ళలో ఆడకూలీలను పికప్ బండిలో ఎక్కించుకుని, నకరికల్లు వైపు మిరప చేలల్లో దించాలి. పొద్దుగూకాక మళ్ళీ తెచ్చి ఇళ్ళ దగ్గర దింపాలి. ఇంటికొచ్చేసరికి భార్య ఫిలోమినాతో రెండు మాటలు మాట్లాడే ఓపిక కూడా ఉండేది కాదు. కంచం ముందే కునికేవాడు.

పాత బండి ఆయనకన్నా అలిసిపోయింది. యాక్సిలేటర్‌ను అడుగంటా తొక్కితే గానీ కదిలేది కాదు, తొక్కాక కూడా కాసేపు ఆలోచించుకునేది. చేలకు పోయే దారిలో సాగర్ కాలవ కట్ట ఒకటి ఎక్కాలి. జనంతో దాన్నెక్కడం ఆ ఇంజను వల్ల అయ్యేది కాదు. అందుకని కట్ట కింద బండి ఆగేది. ఆడవాళ్ళంతా దిగి, క్యారేజీలు పట్టుకుని నడిచి ఎక్కేవాళ్ళు. ఖాళీ బండి మూలుగుతూ వెనకాల వచ్చేది.

అందరికన్నా ఆఖరున పైకి చేరేది హజ్రా బీ. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి. సగం ఎక్కి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి, ఆ బండిని చేసినవాణ్ణి, కొన్నవాణ్ణి, నడిపేవాణ్ణి వరసపెట్టి తిట్టిపోసేది. శౌరి ఆమెను అక్కా అని పిలుస్తాడు, కాబట్టి నోరు మూసుకుని పడేవాడు. కానీ ఆ మోకాళ్ళను చూస్తే ఆయనకు నిజంగానే కష్టంగా ఉండేది. ఎప్పటికైనా ఆమెను కూర్చోబెట్టి కట్ట ఎక్కించాలని ఉండేది.

ఈసారి కోతలకు ముందు ఓనరు ఫణీంద్ర కొత్త బండి తెచ్చాడు. పెళ్ళికొడుకు జీతం చెప్పినట్టు దాని హార్స్‌పవర్ ఊరంతా చెప్పుకొచ్చాడు. శౌరి అడిగింది కట్ట సంగతి ఒక్కటే. కట్టేంది బాబాయ్, కొండెక్కుద్ది అన్నాడు ఫణీంద్ర.

మొదటి రోజు కట్ట కింద ఆగగానే ఆడవాళ్ళు అలవాటుగా దిగబోయారు. శౌరి తల బయటపెట్టి, ఇకనుంచి ఎవరూ దిగనక్కర్లేదు, కూర్చోండి అని గొప్పగా చెప్పాడు. ఆ మాట అనడానికి ఎన్నేళ్ళు ఎదురుచూశాడో. ఆ ఊపులో ఫస్టు గేరు వేసి, పాత బండిని తొక్కినట్టే తొక్కాడు. బండి మారిందని బుర్రకు తెలుసు, కాలికి తెలియలేదు. బండి ఒక్క దూకు దూకింది. వెనక డోరు పక్కన ఇంకా సగం లేచే ఉన్న హజ్రా బీ కిందపడింది.

కుడి ముంజేయి విరిగింది. నరసరావుపేటలో కట్టు కట్టించారు. ఆ సాయంత్రం శౌరి వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడితే ఆమె లోపలికి రమ్మంది, టీ ఇప్పించింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేదనుకుంటూ ఇంటికొచ్చాడు.

మర్నాటి నుంచి, పెడల్ ఎంత నొక్కుతున్నాడో పాదానికి తెలియాలని, చెప్పులు విప్పి నడపడం మొదలుపెట్టాడు. కట్ట కింద మళ్ళీ అందర్నీ దింపేసేవాడు. అంత హార్స్‌పవర్ ఉన్న బండీ ఖాళీగా, ఎద్దుబండి కన్నా మెల్లగా కట్టెక్కేది. ఫణీంద్ర విసుక్కున్నాడు. కూలీల మేస్త్రి ప్రేమలత, ఎన్నాళ్ళు నడిపిస్తావన్నా అని అడిగింది. ఇంటికొచ్చి కుడికాలు వంక చూస్తూ కూర్చునేవాడు. ఇక బండి మానేస్తానని ఓసారి ఫిలోమినాతో అన్నాడు. మానేసి ఏం చేస్తావని ఆమె అడగలేదు. ఆయనకు ఇంకే పని వచ్చో ఆమెకూ తెలియదు.

ఆఖరి కోతలకు హజ్రా బీ వచ్చింది. కట్టు విప్పారు గానీ చెయ్యి ఇంకా సరిగా మడత పడటంలేదు. ఎడం చేత్తో రాలిన కాయలు ఏరుకుంటానంది. కట్ట కింద అందరూ దిగారు, ఆమె మాత్రం దిగలేదు. శౌరి వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"దిగక్కా."

"నేను దిగను. మోకాళ్ళు చానా నొప్పిగా ఉండయ్."

"నా కాలు మీద నాకే నమ్మకం లేదక్కా."

"నీ కాలు సంగతి నాకెందుకురా? ఎక్కించు," అని, బాగున్న చేత్తో పక్క కమ్మీ పట్టుకుని, బండిలోనే చతికిలబడి కూర్చుంది.

శౌరి వచ్చి సీట్లో కూర్చున్నాడు. ఒట్టి పాదం పెడల్ మీద ఆనించాడు. నిద్రపోయే పసిబిడ్డ మీద చెయ్యి వేసినట్టు కొంచెం నొక్కాడు, ఆగాడు, ఇంకొంచెం నొక్కాడు. బండి కుదుపు లేకుండా కట్ట మీదికి వచ్చేసింది.

ఇంజను ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చాడు. ఒళ్ళంతా చెమట. వెనక నుంచి హజ్రా బీ గొంతు లేచింది. ముందు బండి చేసినవాణ్ణి అందుకుంది, తర్వాత కొన్నవాణ్ణి.

"ఒరేయ్ శౌరీ, ఇంత తేలికైన దానికి ఇన్ని దినాలు ఆడోళ్ళని నడిపిస్తావా? సిగ్గుందంట్రా నీకు?"

శౌరి తల ఎత్తలేదు. మిగతావాళ్ళు నడిచి పైకి వచ్చేదాకా ఆ తిట్లు వింటూ అలాగే ఉన్నాడు.